కొలెస్ట్రాల్ రిపోర్టు చేతికొచ్చాక ఏం చేయాలి: పరీక్ష నుంచి మందు దాకా

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి జిల్లాల పాఠకులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది: "టోటల్ కొలెస్ట్రాల్ 212 వచ్చింది, మందు వాడాలా వద్దా?" ఆ ఒక్క అంకె చూసి జవాబు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. షుగర్, బీపీ లేని ఇరవై ఐదేళ్ళ యువకుడికి 212 వస్తే తిండి సరిచేసుకుని కొన్ని నెలల తర్వాత మళ్ళీ చూసుకోమంటారు. గుండెకు స్టెంటు వేయించుకున్న యాభై ఏళ్ళ మనిషికి అదే 212 వస్తే ఆలస్యం చేయకుండా మందు సరిచేయాలి. కాబట్టి మీరు తెలుసుకోవలసినవి రెండు: రిపోర్టులో ఏ అంకెను చూడాలి, ఆ అంకె మీకు ఎంత లోపు ఉండాలి. ఈ రెండూ తెలిస్తే తర్వాతి పనులన్నీ ఒక వరుసలో సాగుతాయి.

అవసరమైనంత వరకే కొంచెం వివరం. కొలెస్ట్రాల్ శరీరానికి కావలసిన పదార్థమే, ఎక్కువ భాగాన్ని శరీరమే, ముఖ్యంగా కాలేయం, తయారు చేస్తుంది. ఎల్‌డిఎల్ అనే రూపంలో అది రక్తంలో ఎక్కువైనప్పుడు రక్తనాళాల గోడల్లోకి చేరి, ఏళ్ళ తరబడి పేరుకుని, చివరకు గుండెపోటుకో పక్షవాతానికో దారితీస్తుంది. ఇదంతా ఏ నొప్పీ లేకుండానే జరుగుతుంది. చెయ్యి లాగడం, తిమ్మిర్లు, ఒళ్ళు బరువు వంటివి కొలెస్ట్రాల్ లక్షణాలని చాలామంది అనుకుంటారు గానీ, అది ఎంత ఉందో రక్త పరీక్ష తప్ప మరేదీ చెప్పలేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- పాతవైనా సరే, దొరికిన రక్త పరీక్ష రిపోర్టులన్నీ తేదీల వరుసలో.
- ఇటీవలి బీపీ, షుగర్ అంకెలు. ముప్పై ఏళ్ళు దాటినవారికి ఊళ్ళోని ఉపకేంద్రంలోనూ పల్లె దవాఖానాలోనూ ఇవి ఉచితంగా చూస్తారు.
- మీరు మింగుతున్న అన్ని మందుల చీటీలు, ఖాళీ షీట్లు. ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళలు, ఆయుర్వేద చూర్ణాలు, కషాయాలు కూడా ఇందులోకే వస్తాయి.
- కుటుంబ చరిత్ర: తండ్రి, అన్నదమ్ముల్లో 55 ఏళ్ళలోపు, తల్లి, అక్కచెల్లెళ్ళలో 65 ఏళ్ళలోపు గుండెపోటు ఎవరికైనా వచ్చిందా?
- బట్టలు కొలిచే టేపు, ఒక చిన్న నోటుబుక్కు, పోయిన నెల ఇంట్లో వాడిన నూనె లెక్క.

1. పరీక్షను సరైన సమయంలో చేయించుకోండి

డాక్టరును అడగవలసిన పరీక్ష పేరు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వులను విడివిడిగా చూపే పరీక్ష. విడిగా టోటల్ కొలెస్ట్రాల్ ఒక్కటే చేయించుకుంటే డబ్బు మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేం. ప్రభుత్వ ఆసుపత్రులకు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా రక్త పరీక్షలు ఉచితంగా జరుగుతాయి, నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఆ కేంద్రాలు ఉన్నాయి. మీ పీహెచ్‌సీలో నమూనా ఏ రోజు తీసుకుంటారో ముందే కనుక్కుని వెళ్ళండి.

పరగడుపున వెళ్ళాలా అన్నది తరచూ వచ్చే అనుమానం. మొదటిసారి చూసుకునేవారు తిన్న తర్వాత ఇచ్చినా ఫర్వాలేదని, భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 400 దాటి వస్తే మాత్రం 9 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా మళ్ళీ ఇవ్వాలి. ఆ సమయంలో మంచినీళ్ళు తాగవచ్చు, తాగాలి కూడా. చక్కెర వేసిన చాయ్ తాగి "ఏమీ తినలేదు" అని చెప్పడం మన దగ్గర సర్వసాధారణంగా జరిగే పొరపాటు. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవారు పరగడుపున ఎక్కువసేపు ఉంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ ఉదయం మందు ఎప్పుడు వేసుకోవాలో ముందు రోజే డాక్టరును అడగండి.

పరీక్షకు తగని రోజులు కూడా ఉన్నాయి. జ్వరం వచ్చి తగ్గిన వెంటనే, ఆపరేషన్ జరిగిన కొద్ది వారాల్లో కొలెస్ట్రాల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. గర్భిణులకు సహజంగానే పెరుగుతుంది. పెళ్ళి దావతులో మందు తాగి, మర్నాడు రక్తం ఇస్తే ట్రైగ్లిజరైడ్లు ఎగబాకి ఉంటాయి. దసరా, సంక్రాంతి సెలవుల్లో కాకుండా మీ మామూలు తిండి తింటున్న వారంలో పరీక్ష పెట్టుకోండి.

2. రిపోర్టును ఈ వరుసలో చదవండి

చాలామంది కళ్ళు మొదటి వరుసలోని టోటల్ మీద పడి అక్కడే ఆగిపోతాయి. మీరు దాన్ని చివరకు వదిలేసి, ఈ మూడింటితో మొదలుపెట్టండి.

ఎల్‌డిఎల్ తగ్గే కొద్దీ మంచిది. 160, ఆపైన ఉంటే ఎక్కువ అని లెక్క, 190 లేదా ఆపైన వస్తే దాన్ని ప్రత్యేకంగా పరిగణించాలి, చివరి మెట్టులో దాని గురించి చెబుతాను. మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డిఎల్ మగవారికి 40 కంటే, ఆడవారికి 50 కంటే తగ్గితే తక్కువ. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి, 200 దాటితే ఎక్కువ, 500 దాటితే గుండె సంగతి అటుంచి క్లోమగ్రంథి వాచి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి వెంటనే డాక్టరును కలవాలి.

ఇక్కడ జరిగే ఒక పొరపాటును దగ్గరగా చూద్దాం. అంకె పక్కన ల్యాబువాళ్ళు ఎక్కువ ఉంటే "హెచ్" అని, తక్కువ ఉంటే "ఎల్" అని గుర్తు వేస్తారు. హెచ్‌డిఎల్ 34 పక్కన "ఎల్" చూసి, "కొలెస్ట్రాల్ తక్కువే ఉంది" అని సంతోషపడేవారు ఉన్నారు. హెచ్‌డిఎల్ విషయంలో ఆ గుర్తు సంతోషించవలసినది కాదు.

ఇప్పుడు రిపోర్టులో చాలాసార్లు ముద్రించని, మీరే వేసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. దాని పేరు నాన్ హెచ్‌డిఎల్. టోటల్‌లోంచి హెచ్‌డిఎల్ తీసేస్తే వచ్చేది అదే. ఉదాహరణకు ఒక రిపోర్టు ఇలా ఉందనుకుందాం:

టోటల్ 212, హెచ్‌డిఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 265, ఎల్‌డిఎల్ 125.

టోటల్ 200 కంటే కొంచెమే ఎక్కువ, ఎల్‌డిఎల్ కూడా మరీ ఎక్కువేమీ కాదు కదా అనిపిస్తుంది. కానీ 212లోంచి 34 తీసేస్తే 178 వస్తుంది. నాళాలకు హాని చేసే కొవ్వంతా కలిపి 178 ఉందన్నమాట. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా ఇది 130 లోపు ఉండాలి. హెచ్‌డిఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, ఎల్‌డిఎల్ ఓ మోస్తరు అన్న ఈ పోలిక మన దేశంలో చాలా మామూలు. సన్నగా ఉన్నవారిలోనూ కనిపిస్తుంది. అందుకే టోటల్ ఒక్కటే చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకోవద్దని ఇంతగా చెబుతున్నాను.

ల్యాబు వేసిన ఎల్‌డిఎల్ నిజమేనా అన్నది మీరే సరిచూసుకోవచ్చు. చాలా ల్యాబులు దాన్ని నేరుగా కొలవకుండా లెక్కగట్టి వేస్తాయి: ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి, వచ్చినదాన్నీ హెచ్‌డిఎల్‌నూ టోటల్‌లోంచి తీసివేస్తాయి. పై ఉదాహరణలో 265ను 5తో భాగిస్తే 53. 212లోంచి 34, 53 తీసేస్తే 125. సరిపోయింది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు "డైరెక్ట్ ఎల్‌డిఎల్" చేయమని అడగండి, లేదా నాన్ హెచ్‌డిఎల్ మీదే ఆధారపడండి.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారి రిపోర్టుల్లో 5.4, 3.2 వంటి చిన్న అంకెలు ఉంటే కంగారు పడకండి, అక్కడి కొలమానం (mmol/L) వేరు, మనది mg/dL. కొలెస్ట్రాల్ అంకెలను 38.7తోనూ ట్రైగ్లిజరైడ్లను 88.6తోనూ గుణిస్తే మన కొలమానం వస్తుంది.

3. మీ హద్దు ఎంతో రాసి పెట్టుకోండి

రిపోర్టు కుడివైపు ముద్రించిన "నార్మల్" హద్దులు అందరికీ కలిపి వేసినవి. మీ హద్దు మీ ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది. పైన చెప్పిన 2024 మార్గదర్శకాల ప్రకారం స్థూలంగా ఇలా ఉంటుంది:

- షుగర్, బీపీ, గుండె జబ్బు ఏవీ లేనివారికి: ఎల్‌డిఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డిఎల్ 130 లోపు.
- షుగర్, బీపీ వంటివి ఉన్నవారికి: ఎల్‌డిఎల్ 70 లోపు, నాన్ హెచ్‌డిఎల్ 100 లోపు.
- గుండెపోటు, గుండెనొప్పి, పక్షవాతం వచ్చినవారికి, దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఉన్నవారికి: ఎల్‌డిఎల్ 55 లోపు, నాన్ హెచ్‌డిఎల్ 85 లోపు.

మీరు ఏ గుంపులోకి వస్తారో డాక్టరుతో ఖాయం చేసుకుని, ఆ రెండు అంకెలను నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి. స్టెంటు ఉన్న మనిషికి ఎల్‌డిఎల్ 110 వస్తే, 130 లోపు నార్మల్ అని రిపోర్టు మీద ఉందని మందు మానేయడం మన ప్రాంతంలో నేను చూసే పొరపాట్లన్నిటిలోకీ ప్రమాదకరమైనది. ఆయన హద్దు 55. అంటే 110 అన్నది రెండింతలు.

వీలైతే లైపోప్రోటీన్ ఏ (Lp(a), ఎల్‌డిఎల్ లాంటి మరో కొవ్వు) పరీక్షను జీవితంలో ఒక్కసారి చేయించుకోండి. ఆ కొవ్వు పుట్టుకతో వచ్చేది, తిండితో మారేది కాదు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా అంకెల విషయంలో మరింత గట్టిగా ఉండాలని అర్థం. అన్ని ఊళ్ళలో చేయరు, ఖర్చు కూడా ఎక్కువ కాబట్టి కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లు ఉన్నవారు ముందు ఆలోచించండి.

4. వెనుక మరో కారణం ఉందేమో చూడండి

కొలెస్ట్రాల్ కొత్తగా పెరిగిందంటే, మందు మొదలుపెట్టే ముందు థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్) చేయించమని అడగండి. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే ఎల్‌డిఎల్ పెరుగుతుంది, దానికి మందు వాడితే ఇదీ తగ్గుతుంది. అదుపులో లేని షుగర్ ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు కూడా అంతే. కీళ్ళ నొప్పులకని నెలల తరబడి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, బిళ్ళలు తీసుకుంటున్నవారు ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. అవి స్టెరాయిడ్లని మీకు తెలియకపోవచ్చు, అందుకే షీట్లు వెంట తీసుకెళ్ళమన్నాను. అలాంటివి చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా సొంతంగా ఆపకూడదు.

5. వంటింట్లో మార్చవలసినవి

*నూనె.* ఒక్కొక్కరికి నెలకు ముప్పావు లీటరుకు మించకూడదు. నలుగురున్న ఇంటికి మూడు లీటర్లు. పోయిన నెల లెక్క చూస్తే మన ఇళ్ళలో ఐదు, ఆరు లీటర్లు తేలడం కొత్తేమీ కాదు. లెక్క పెట్టే తీరు ఇది: నెల మొదటి రోజున మూడు లీటర్లు మాత్రమే కొని ఒకే డబ్బాలో పోయండి, ఏ తేదీకి అయిపోయిందో డబ్బా మీద రాయండి. ఇరవయ్యో తేదీకే అయిపోతే తాలింపుల్లో ఎక్కడ తగ్గించాలో వండేవారికే తెలుస్తుంది.

ఏ నూనె అన్నదానికి ఒకే జవాబు లేదు. పల్లినూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె, పొద్దుతిరుగుడు నూనె మార్చి మార్చి వాడండి. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు ఉంటుంది. అదే ఎల్‌డిఎల్‌ను పెంచేది. చౌకగా వస్తుందని ఏడాదంతా అదే వాడే ఇళ్ళు ఒక్కసారి ఆలోచించాలి. డాల్డా మానేయండి. గానుగ నూనె మంచిదే గానీ, గానుగది కదా అని గరిటెలు పెంచితే లాభం పోతుంది. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అన్న మాటకు ఎక్కువ డబ్బు పెట్టకండి, గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. మిర్చీలు, గారెలు, సకినాలు కాల్చిన నూనెను దాచి మళ్ళీ మళ్ళీ కాచవద్దు.

*మాంసం.* ఆదివారం మటన్ పూర్తిగా మానేయమని చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. తూకం, భాగం మార్చుకోండి. తలకాయ కూర, భేజా, బోటి, లివర్ నెలకు ఒకసారికి పరిమితం చేయండి. కూరకు కండ ముక్కలు అడిగి తీసుకుని, అంటుకున్న తెల్ల కొవ్వును కడిగేటప్పుడే తీసేయండి. కాళ్ళ పాయ, బొక్కల చారు చేస్తే రాత్రి వండి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి పైన మందపాటి తెల్లని పొర గడ్డకడుతుంది. దాన్ని చెంచాతో ఎత్తి పారేసి, తర్వాత వేడి చేసుకోండి. ఆ పొరను ఒకసారి కళ్ళారా చూసినవారికి మళ్ళీ ఎవరూ చెప్పనక్కర్లేదు. కోడిని తోలు లేకుండా వండండి. సాగర్, జూరాల, డిండి చేపలు దొరికేవారు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే చాలా మంచిది. అదే చేపను నూనెలో ముంచి వేయించి తింటే ఆ మేలు చాలావరకు పోతుంది.

గుడ్డు గురించి: రోజుకు ఒక గుడ్డు చాలామందికి హాని చేయదు. షుగర్ ఉన్నవారు, ఎల్‌డిఎల్ బాగా ఎక్కువ ఉన్నవారు వారంలో పచ్చసొనలు ఎన్ని తినాలో డాక్టరును అడగండి. తెల్లసొనకు హద్దు లేదు.

*అన్నం, చక్కెర, కల్లు.* ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవారి అసలు సమస్య సాధారణంగా ఇక్కడే ఉంటుంది, నూనెలో కాదు. మిర్యాలగూడ మిల్లుల్లో తెల్లగా పాలిష్ పట్టిన సన్నబియ్యం అన్నం మూడు పూటలా తింటే, ఖర్చు కాని పిండిపదార్థాన్ని కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది. ఒక పూట జొన్నరొట్టె లేదా సజ్జరొట్టె, ఉదయం జొన్న అంబలి, పెసర, అలసంద, శనగ గుడాలు మన తాతల తిండే కదా, దానికి తిరిగి వెళ్ళండి. అన్నం తినే పూట పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పుంటికూర, చింతచిగురు, బెండకాయ, చిక్కుడు, పప్పుల్లో ఉండే పీచు ఎల్‌డిఎల్‌ను కూడా కొంత తగ్గిస్తుంది. పప్పు, కూరలో తీసుకునే పీచు చాలనప్పుడు రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ నిండు గ్లాసు నీళ్ళతో తీసుకోవచ్చు, కాని మందు బిళ్ళలకు రెండు గంటల దూరంలో తీసుకోండి.

చాయ్ లెక్క కూడా వేసుకోండి. రోజుకు ఐదు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు అంటే దాదాపు 50 గ్రాముల చక్కెర. అది రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకూడదు. బెల్లం వేసినా ఇదే లెక్క. పల్లీలు ఒక పిడికెడు, వేయించకుండా ఉడికించినవో, నూనె లేకుండా పెనం మీద వేపినవో, రోజూ తినవచ్చు.

కల్లు చెట్టు నుంచి వస్తుంది కాబట్టి ఏమీ కాదనే మాట పాలమూరు పల్లెల్లో బాగా వినిపిస్తుంది. పులిసిన కల్లులో ఉన్నది ఆల్కహాలే. అది ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవారు కల్లు, సారా, బీరు అన్నీ పూర్తిగా మానాలి. ఒక్క హెచ్చరిక: ఏళ్ళుగా రోజూ కల్లు తాగేవారు, అందులోనూ మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారు, ఒక్కరోజులో ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, పిచ్చిగా ప్రవర్తించవచ్చు. వారు జిల్లా ఆసుపత్రి డాక్టరు సలహాతో మానాలి.

6. నడక, నడుము, పొగ

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవాలి. పొలం పని చేసేవారు "నాకు వ్యాయామం ఉంది కదా" అంటారు. నాట్లు, కోతల నెలల్లో అది నిజమే, మిగతా నెలల్లో ట్రాక్టరు మీద, బండి మీద తిరగడం నడక కాదు. నడుము కొలత బొడ్డు దగ్గర టేపు పెట్టి, పొట్ట లోపలికి లాగకుండా తీసుకోండి: మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. ప్యాంటు సైజు చూసి అంచనా వేయవద్దు, ప్యాంటు బొడ్డు కింద కడతారు. బీడీ, సిగరెట్, చుట్ట మానడం వల్ల గుండెకు కలిగే మేలు ఏ తిండి మార్పుకూ తీసిపోదు. అంబర్, గుట్కా కూడా అదే కోవలోకి వస్తాయి.

7. మందు రాస్తే ఎలా వాడాలి

రెండో, మూడో గుంపులో ఉన్నవారికి తిండి మార్పు ఒక్కటే సాధారణంగా సరిపోదు. డాక్టరు రాసేది ఎక్కువగా అటోర్వాస్టాటిన్ లేదా రోసువాస్టాటిన్. వీటినే స్టాటిన్లంటారు. మోతాదును బట్టి ఎల్‌డిఎల్‌ను 30 నుంచి 50 శాతం, పెద్ద మోతాదులో అంతకంటే ఎక్కువ తగ్గిస్తాయి. ఈ రెండు బిళ్ళలనూ పగలైనా రాత్రైనా వేసుకోవచ్చు, రోజూ ఒకే వేళకు వేసుకోవడం ముఖ్యం. మోతాదు ఎంతన్నది డాక్టరే నిర్ణయించాలి. పక్కింటాయనకు రాసిన బిళ్ళ మీరు తెచ్చుకోవద్దు. జన్ ఔషధి దుకాణాల్లో ఇవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి.

షీట్ వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, లేదా చదివించుకోండి. స్టెంటు వేయించుకున్నవారికి రక్తం పలచబడే మందులూ స్టాటిన్ కలిసిన ఒకే క్యాప్సూల్ ఇస్తుంటారు. ఊరికి వచ్చాక మరో డాక్టరు వేరే కంపెనీ స్టాటిన్ విడిగా రాస్తే, తెలియకుండానే రెండు మోతాదులు పడతాయి. హైదరాబాద్ చీటీ, ఊరి చీటీ రెండూ ఒకే చోట పెట్టి ఒకే డాక్టరుకు చూపించండి.

అతి సాధారణంగా జరిగే తప్పు మందును మధ్యలో ఆపడం. రిపోర్టు మంచిగా వచ్చింది కదా అని ఆపేస్తారు. బావిలో మోటారు ఆపితే నీళ్ళు మళ్ళీ ఎక్కినట్టు, మందు ఆపిన కొన్ని వారాల్లోనే ఎల్‌డిఎల్ పాత అంకెకు చేరుతుంది. "జీవితాంతం వాడాలట" అనే భయంతో అసలు మొదలుపెట్టనివారూ ఉన్నారు. బీపీ బిళ్ళను ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవారికి ఇది కొత్త భారం కాదని చెప్పాలనిపిస్తుంది.

దుష్ఫలితాల విషయంలో నిజం ఇది. కొందరికి తొడలు, పిక్కలు, భుజాలు రెండు వైపులా సమానంగా నొప్పి పుట్టవచ్చు. అలాంటప్పుడు సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించి, మందు మార్చి, లేదా ఎజెటిమైబ్ వంటి మరో మందు కలిపి సర్దుతారు. తీవ్రమైన కండరాల నొప్పితో పాటు మూత్రం నల్లని చాయ్ రంగులో వస్తే మాత్రం మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, ఇది చాలా అరుదు. కాలేయానికి తీవ్రమైన హాని కూడా అరుదే, అనుమానం ఉంటే కాలేయ పరీక్షతో తేలిపోతుంది. షుగర్ కొద్దిగా పెరగవచ్చు, కాని గుండెకు కలిగే మేలు దానికంటే చాలా ఎక్కువ కాబట్టి షుగర్ ఉన్నవారికి కూడా డాక్టర్లు వీటిని రాస్తారు. గర్భం ధరించాలనుకునేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. దగ్గు, జ్వరానికి క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ రాసేటప్పుడు, మీరు స్టాటిన్ వాడుతున్నారని తప్పక చెప్పండి. రెండూ కలిస్తే కండరాలకు హాని పెరుగుతుంది.

ఎల్లిగడ్డ, మెంతులు, అవిసెలు తినండి, తిండిగా అవి మంచివే. మందుకు బదులుగా మాత్రం వాడవద్దు.

బొంబాయి, పుణె, బెంగళూరు వంటి చోట్లకు పనికి వలస వెళ్ళేవారు రెండు నెలలకు సరిపడా మందు, చీటీ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. మందు ఆగిపోవడం తరచూ ఇలాంటి ప్రయాణాల్లోనే మొదలవుతుంది.

8. ఫలితం వచ్చిందో లేదో సరిచూసుకోండి

మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా 4 నుంచి 12 వారాల మధ్య మళ్ళీ పరీక్ష చేయించాలి. తిండి మాత్రమే మార్చినవారు మూడు నెలలు ఆగండి. వీలైనంతవరకు అదే ల్యాబు, అదే తీరు: మొదటిసారి పరగడుపున ఇస్తే ఇప్పుడూ పరగడుపున.

మన ఉదాహరణలోని మనిషికి షుగర్ ఉందనుకోండి. మందు, తిండి మార్పు మొదలైన మూడు నెలలకు టోటల్ 168, హెచ్‌డిఎల్ 37, ట్రైగ్లిజరైడ్లు 155 వచ్చాయి. టోటల్ 200 లోపుకు వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. నాన్ హెచ్‌డిఎల్ వేస్తే 131, ఎల్‌డిఎల్ 100. ముందు 178 ఉన్నది 131కి రావడం నిజంగా మంచి ఫలితమే. కాని షుగర్ ఉన్నవారికి నాన్ హెచ్‌డిఎల్ హద్దు 100. ఇంకా 31 దూరం ఉంది. ఇప్పుడు చేయవలసింది మోతాదు పెంచాలా, ఎజెటిమైబ్ కలపాలా అని డాక్టరును అడగడం. బిళ్ళ రెండింతలు చేస్తే ఎల్‌డిఎల్ మరో 6 శాతం వరకే తగ్గుతుంది, ఎజెటిమైబ్ కలిపితే మరో 20 శాతం దాకా తగ్గుతుంది. అందుకే డాక్టరు రెండో మందు రాస్తే అనవసరంగా రాశారని అనుకోకండి.

చిన్న తేడాలకు అర్థాలు వెతకవద్దు. ఎల్‌డిఎల్ 118 నుంచి 124కు వెళ్తే మందు పనిచేయనట్టు కాదు, ఆ మాత్రం హెచ్చుతగ్గులు ఒకే మనిషిలో రోజురోజుకూ ఉంటాయి. ట్రైగ్లిజరైడ్లు ఇంకా ఎక్కువగా ఊగిసలాడతాయి. అలాగే మందు వాడినా ఎల్‌డిఎల్ ఏమాత్రం తగ్గలేదంటే, మోతాదు పెంచే ముందు షీట్లో మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టండి. ముప్పై రోజులకు కొన్న షీట్లలో పన్నెండు మిగిలి ఉంటే సమస్య మందులో లేదు. హద్దులోకి వచ్చి నిలకడగా ఉన్నవారు ఏడాదికి ఒకసారి చూసుకుంటే చాలు.

ఏ అంకె ఎంత బాగున్నా సరే, ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, 108కు ఫోన్ చేసి ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్ళాలి. షుగర్ ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, చెమట మాత్రమే ఉండవచ్చు.

9. ఇంట్లో మిగతావారిని కూడా చూడండి

18 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోవాలి. మీ ఎల్‌డిఎల్ మందు లేకుండానే 190 లేదా ఆపైన ఉంటే అది వంశపారంపర్యం కావచ్చు. మడమ వెనుక, చేతివేళ్ళ వెనుక ఉండే స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళు) గట్టిగా ఉబ్బి ఉండటం, 45 ఏళ్ళలోపే కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లని వలయం, కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లు ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. అలాంటి ఇంట్లో తోబుట్టువులు, పిల్లలు పద్దెనిమిది నిండే దాకా ఆగకూడదు. అమ్మానాన్నల్లో ఒకరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. పిల్లల పరీక్షకు మీ రిపోర్టు కూడా వెంట తీసుకెళ్ళి పిల్లల డాక్టరుకు చూపించండి, అది చూస్తే ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో ఆయన నిర్ణయిస్తారు.